పట్టీ కింద మంట

కర్టిస్ కిరాణా సంచులు మెట్ల మీద పెట్టాడు. కిటికీ అద్దం తట్టి, గబగబా వెనక్కి నడిచి గేటు దగ్గర నిలబడ్డాడు. తన ఇంటి ముందు తనే పరాయివాడిలా, ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని.

హెల్మి కిటికీ బెత్తెడు మేర తెరిచింది.

"గుడ్లు తెచ్చావా?"

"తెచ్చాను. సంచి ముట్టుకునే ముందు బాగా తుడువు. ఇవాళ మన కొట్లో ఎవరో తుమ్మారు."

"నువ్వేనా?"

"నేనైతే ఇక్కడికొస్తానా? గాలానికి ఎర చేపల కోసం వచ్చిన ముసలాయన. నేరుగా నా మొహం మీదే తుమ్మబోయాడు. నేను బల్ల కిందికి వంగాను. ఏదో పడేసుకున్నాననుకుని ఆయన కూడా వంగి వెతకడం మొదలెట్టాడు."

హెల్మి నవ్వబోయి ఆగింది. నవ్వితే ఎడమ పక్కటెముకల కింద చురుక్కుమంటోంది.

అమెరికాలోని మిన్నెసోటా ఉత్తరాన, సరస్సు ఒడ్డునున్న ఆ చిన్న ఊళ్లో ఈ తతంగం చూసి నవ్వేవాళ్లు లేరు. స్కీల మీద మంచు దారుల్లో దూరపు పందేలకు దిగే మనిషి ఇంట్లో ఉంటే, పెద్ద పోటీ ముందు ఆ ఇల్లు ఇలాగే ఉంటుంది. కరచాలనాలు ఆగిపోతాయి. చర్చిలో చివరి బల్ల మీద ఒంటరిగా కూర్చుంటారు, ఆ తర్వాత అదీ మానేస్తారు. ముక్కు కారుతున్న పక్కింటివాళ్లు దూరం నుంచే చెయ్యెత్తి, దగ్గరికి రావద్దని వాళ్లే కేకేసి చెబుతారు. జలుబంటే మిగతా ఊళ్లకు ఒక రుమాలు ఖర్చు. ఇక్కడ ఒక ఏడాది పంట.

హెల్మి పంట కిందటేడు అలాగే పోయింది. ఎంపిక పోటీ రేపనగా కూతురు టిల్లీ ఆటల బడి నుంచి ముక్కు తుడుచుకుంటూ వచ్చి తల్లి ఒళ్లో నిద్రపోయింది. పోటీ రోజు హెల్మికి ఊపిరి సగమే అందింది. ప్రపంచ పోటీలకు వెళ్లే నలుగురిలో ఆమె పేరు లేకుండా పోయింది. ఆమెకిప్పుడు ముప్పై మూడేళ్లు. వచ్చే ఏడాదికి వాయిదా వేసుకోవడానికి వచ్చే ఏళ్లు పెద్దగా మిగల్లేదు.

అందుకని ఈ శీతాకాలం భార్యాభర్తలిద్దరూ కూర్చుని తీర్మానించుకున్నారు. నాలుగేళ్ల టిల్లీ పక్క ఊళ్లో నాయనమ్మ డోరిస్ దగ్గరికి వెళ్లింది. కర్టిస్ తన కొట్టు వెనక గదిలో మడత మంచం వేసుకున్నాడు. అక్కడ ఎర చేపల తొట్లలో గాలి మోటార్లు రాత్రీ పగలూ బుడబుడమంటూనే ఉంటాయి. ఇల్లు, వెనకున్న సౌనా అనే ఆవిరి స్నానాల గది, అక్కడి నుంచి అడవిలోకి పోయే స్కీ దారి హెల్మివి. ఈ ఏటి ఎంపిక పోటీ ఈ శనివారమే.

"టిల్లీ ఏమంటోంది?" అంది హెల్మి.

"మా అమ్మకి స్కీలు నేర్పిస్తోందట. హాల్లో తివాచీ మీద. మా అమ్మ రెండుసార్లు పడిందట, పతకం కూడా ఇచ్చిందట." కర్టిస్ బూటు కొసతో మంచు గీకాడు. "నీ గొంతేంటి అలా ఉంది? నొప్పా?"

"గొంతు బాగానే ఉంది. గుండె పట్టీ ఒరుసుకుంది, అంతే."

వ్యాయామం చేసేటప్పుడు గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కొలిచే పట్టీ అది. రొమ్ము కింద నుంచి వీపు చుట్టూ బిగించుకుంటారు. చెమటకు తడిసి, చలికి బిగిసి, చర్మాన్ని కోయడం మామూలే. ఈ వృత్తిలో ఆ గీత లేని ఒళ్లుండదు. హెల్మి వాజలీను పూసింది, పట్టీ కాస్త కిందికి జరిపింది, మళ్లీ పైకి జరిపింది. మంట తగ్గలేదు. పట్టీ మార్చింది. కొత్త పట్టీ కూడా అలాగే కాల్చింది.

*

కోచ్ ఆర్వో ఆమె తల్లికి తమ్ముడు. ఒకప్పుడు తనూ పందేలకు దిగినవాడు. ఇప్పుడు కొండ మలుపులో గడియారం పట్టుకుని నిలబడి, వచ్చేపోయేవాళ్లను తిట్టడం ఆయన పని. మేనకోడలితో మాట్లాడాలంటే రెండు స్కీ కర్రల పొడవు దూరంలో నిలబడేవాడు.

"గట్టిగా కష్టపడ్డాక ఒంట్లో కాపలా పలచబడుతుందే," అని ఆ చలికాలం మొదట్లోనే చెప్పాడు. "కొన్ని గంటల సేపు తలుపు తెరిచి ఉన్నట్టే. దారిన పోయే ప్రతి వైరసూ లోపలికి తొంగి చూస్తుంది. అందుకే కష్టపడు, తిను, పడుకో. నేను చెప్పినంతే చెయ్యి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

తక్కువ చేసే అలవాటు హెల్మికి లేదు. ఎక్కువ చేసింది. పోటీకి ముందు కొన్ని వారాలు ఒంటిని బాగా నలగ్గొట్టి, తర్వాత విశ్రాంతినిస్తే అది రెట్టింపు బలంతో లేస్తుందన్నది వాళ్ల లెక్క. ఆర్వో లెక్కలో విశ్రాంతి అని ఉన్న సాయంత్రాలు ఆమె ఖాళీ ఇంట్లో కూర్చోలేకపోయింది. టిల్లీ చెప్పులు గుమ్మం దగ్గరే ఉండేవి. వాటిని చూస్తూ కూర్చోవడం కన్నా మళ్లీ స్కీలు కట్టుకోవడం తేలిక. వంట ఒక్కదానికే కాబట్టి నిలబడే తినేది, తిన్నంత తిని వదిలేసేది. పడుకుంటే నిద్ర పట్టేది కాదు. పెట్టుబడి ఇంత పెట్టాక ఇంకొంచెం పెడితే నష్టమేముందని ఏ కొట్టువాడైనా అనుకునేదే ఆమె కూడా అనుకుంది. సరుకు నిండిన కొట్లో గాలి ఆడదన్న సంగతి ఎప్పుడూ తర్వాతే తెలుస్తుంది.

బుధవారం ఉదయం కొండ మీద ఆర్వో గడియారం నొక్కి, ముఖం చిట్లించాడు.

"నీ గుండె నీకన్నా ముందే పైకొచ్చేసింది. కాళ్లేమో ఇంకా కిందే ఉన్నాయి. ఏమైంది?"

"పట్టీ కోస్తోంది మావయ్యా. ఊపిరి గట్టిగా తీస్తే మంట."

"నా రోజుల్లో పట్టీల్లేవు. మెడ మీద వేలు పెట్టి చూసుకునేవాళ్లం. వేలు ఎవర్నీ కొయ్యలేదు."

"నీ రోజుల్లో నువ్వు గెలిచావా?"

"నాలిక మాత్రం బాగానే పరిగెడుతోంది," అన్నాడు ఆర్వో. "ఇంటికెళ్లు. ఇవాళ్టికి చాలు. సౌనాలో కూచుని కండలు వదులు చేసుకో."

సౌనా ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ ఉంటుంది. చిన్న చెక్క గది, లోపల కట్టెల పొయ్యి, దాని మీద కాలిన రాళ్లు. రాళ్ల మీద నీళ్లు పోస్తే లేచే ఆవిరిలో ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుంటారు. అక్కడ ఎవరి వీపు వాళ్లు తోముకోరు. పెళ్లయిన నాటి నుంచీ హెల్మి వీపు కర్టిస్ తోమేవాడు, కర్టిస్ వీపు హెల్మి తోమేది. ఈ శీతాకాలంలో ఆమె ఒక్కతే కూర్చుంటోంది. ఆ రోజు ఆవిరి తగలగానే ఎడమ పక్కంతా నిప్పుకణికలు అంటించినట్టయింది. బల్ల మీద నుంచి దిగి, తలుపు తోసుకుని, తువ్వాలు చుట్టుకునే మంచులో నిలబడింది. చలికి కూడా మంట ఆరలేదు. ఇంట్లో పడగ్గది అద్దం ముందు తిరిగి చూసుకుంది. ముందు వైపు ఎర్రటి మచ్చలు కనిపించాయి. వీపు కనిపించలేదు.

ఫోను వెనక్కి పట్టుకుని ఒక ఫొటో తీసి కర్టిస్‌కు పంపింది. పట్టీ బాగా కోసిందా, చీము పట్టిందా చూడమని రాసింది.

అతను వెంటనే ఫోన్ చేశాడు. వెనక మోటార్ల బుడబుడ వినిపిస్తోంది.

"హెల్మీ, ఇది పట్టీ కాదు."

"పట్టీ సరిగ్గా అక్కడే ఉంటుంది కర్టిస్."

"పట్టీ నీ చుట్టూ తిరుగుతుందిగా? ఇది వెన్నెముక దగ్గర మొదలై ఎడమ పక్కకే వచ్చింది. నీళ్ల పొక్కులు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. మా నాన్నకు వచ్చింది ఇదే. సర్పి."

"నీకేమైనా పిచ్చా? సర్పి ముసలాళ్లకొస్తుంది."

"వీపు మీద ఎన్నాళ్ల నుంచి ఉంది?"

హెల్మి మళ్లీ అద్దం వైపు తిరిగింది. ఎన్నాళ్ల నుంచి ఉందో చెప్పగలిగిన మనిషిని తనే గేటు అవతల నిలబెట్టింది.

*

డాక్టర్ ఓస్‌బర్గ్ ఆ ప్రాంతపు స్కీవాళ్లను బాగా ఎరిగిన మనిషి. మాస్కు రెండు పొరలుగా కట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయిన హెల్మిని చూసి, కుర్చీ చూపించింది.

"కూర్చోండమ్మా. ఇవాళ ఇక్కడ అంటుజబ్బు అనుమానం అందరికన్నా మీ మీదే ఎక్కువ."

చూడటానికి ఎక్కువ సేపు పట్టలేదు.

"చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందా?"

"పోసింది. మా అమ్మ ఓట్స్ పిండి కలిపిన నీళ్లలో కూర్చోబెట్టేది."

"అదే వైరస్. మచ్చలు మానాక బయటికి పోలేదు. వెన్ను దగ్గర నరం మొదట్లో ముడుచుకుని పడుకుంది. ఇన్నేళ్లూ మీ ఒంట్లోని కాపలా దాన్ని లేవనివ్వలేదు. ఇప్పుడు కాపలా తగ్గింది, అది లేచి నరం వెంబడి నడిచి వచ్చింది. అందుకే ఛాతీ చుట్టూ సగం పట్టీలా ఉంది."

హెల్మి మాస్కు మళ్లీ బిగించుకుంది. "నేను ఎవర్నీ ముట్టుకోలేదండీ. నా కూతుర్ని పక్క ఊరికి పంపేశాను. మా ఆయన చేపల మధ్య పడుకుంటున్నాడు."

"బయటి నుంచి వచ్చేదానికి ఆ జాగ్రత్త. ఇది లోపలిది."

"గట్టి వ్యాయామం వల్లేనా?"

"అదొక్కటే అని నేను చెప్పలేను. వ్యాయామం మామూలుగా మేలే చేస్తుంది, కాపలాను చురుగ్గా ఉంచుతుంది. మోతాదు మించితే ఏమవుతుందన్న దాని మీద చదువుకున్నవాళ్లు ఇంకా కీచులాడుకుంటూనే ఉన్నారు. తలుపు తెరుచుకుంటుందని కొందరు, అదేం కాదు, నిద్రలేమీ దిగులూ జనసమ్మర్దమే అసలు కారణమని కొందరు. మీరు ఎలా నిద్రపోతున్నారు?"

"పోవట్లేదు."

"తిండి?"

"నిలబడే తింటున్నాను. అదీ సగమే."

"అయితే ఆ కీచులాటలో మీకు పనిలేదు. రెండు పక్కల కారణాలూ మీ దగ్గరే ఉన్నాయి," అంది డాక్టరు. మాత్రలు రాసిచ్చింది. మంచం మీద ఉండమంది. పొక్కులు కప్పి ఉంచితే, టీకా వేయించుకున్న పాపకు భయం లేదంది. "శనివారం సంగతి అడుగుతారని తెలుసు. నేనైతే వద్దంటాను. ఇప్పుడు మీ ఒళ్లు ఒక పోరాటంలో ఉంది. దాని చేతిలో ఉన్నది లాక్కుని కాళ్లకిస్తే, నొప్పి నెలల తరబడి ఉండిపోవచ్చు. కొంతమందికి ఏళ్లు. తాళం వేసి ఆపలేను కదా, చెప్పగలను అంతే."

*

గురువారం సాయంత్రం కిటికీ అవతల ఇద్దరు నిలబడ్డారు. కర్టిస్ గేటు దగ్గర, ఆర్వో కట్టెల గుట్ట దగ్గర. రావచ్చని డాక్టరు అన్నట్టు హెల్మి చెప్పినా అలవాటు కొద్దీ అక్కడే ఆగారు. ఆమె కూడా తలుపు తీయలేదు. ఒంట్లో ఈ మంటతో పోటీకి దిగాలనుకుంటే ఇప్పుడొక జలుబు కూడా ఎందుకు?

దిగాలనుకుంటే, అని తను అప్పుడే అనుకుంటోంది.

"జ్వరముందా?" అన్నాడు ఆర్వో.

"లేదు."

"ఊపిరితిత్తులు?"

"బాగున్నాయి."

"అయితే..." ఆయన గడ్డం రుద్దుకున్నాడు. "నేను పోటీకి దిగమనడం లేదు. వద్దనడమూ లేదు. అక్కకు తెలిస్తే నన్ను చంపుతుంది. కానీ నిన్న కొండ మీద, ఆ మంటతో కూడా, నువ్వు బ్రిన్ కన్నా ముందున్నావు. అదొక్కటే నా బుర్రలో తిరుగుతోంది." బ్రిన్ అంటే ఇంకా ఇరవై దాటని పిల్ల, నాలుగో చోటు కోసం హెల్మితో పోటీ పడుతున్నది.

"నువ్వేమంటావు కర్టిస్?"

కర్టిస్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నీ ఇష్టం," అన్నాడు చివరికి.

"అది జవాబు కాదు."

"మరేం చెప్పమంటావు? వద్దు అన్నాననుకో, జీవితాంతం నేను ఆపానని ఉంటుంది. వెళ్లు అన్నాననుకో, నీ నొప్పి నా మెడకు చుట్టుకుంటుంది. నేను ఈ చలికాలమంతా చేపలతో పడుకున్నాను హెల్మీ. మొన్న నిద్రలో వాటికి పేర్లు పెట్టాను. అది ఊరికే పోకూడదనీ ఉంది. నువ్వు ఊరికే పోకూడదనీ ఉంది. నాకు రెండూ కావాలి."

అతను మంచివాడు కాబట్టే ఆ మాట గుచ్చుకుంది. తిట్టేవాడైతే ఎదురు తిరగొచ్చు. ఇచ్చినవాళ్ల ముందు మనిషి కదల్లేడు. టిల్లీ ఇచ్చిన సాయంత్రాలు, డోరిస్ ముసలి మోకాళ్లు, ఆర్వో కొండ మీద గడ్డకట్టించుకున్న వేళ్లు, ఊరివాళ్లు వీధి దాటి అవతలి పక్క నుంచి నడిచిన నడకలు, అన్నీ ఆ చిన్న ఇంట్లో చుట్టూ పేర్చినట్టున్నాయి. వాటి మధ్య నుంచి గుమ్మం దాకా వెళ్లే దారి ఆమెకు కనిపించలేదు. దిగితే ఒంటికి నష్టం. మానేస్తే అందరిదీ నష్టం. తన ఒక్కదాని నష్టం ఎప్పుడూ చవకగానే కనిపిస్తుంది మనిషికి.

"దిగుతాను," అంది.

ఆర్వో తలూపాడు. సంతోషమో భయమో ఆయన ముఖంలో తేలలేదు. కర్టిస్ గేటు గడియ పట్టుకుని, వేసి, తీసి, మళ్లీ వేశాడు.

*

శనివారం ఎండ కాసింది. మంచు గట్టిగా, వేగంగా ఉంది. హెల్మి పొక్కుల మీద మెత్తటి గుడ్డ కట్టుకుని, దాని మీద బిగుతు చొక్కా, దాని మీద అంకె వేసిన పై చొక్కా వేసుకుంది. గుండె పట్టీ పెట్టుకోలేదు. లెక్క తెలుసుకోవాల్సిన అవసరం ఇవాళ లేదనుకుంది.

అర నిమిషానికి ఒకరు చొప్పున వదులుతున్నారు. ఆమె తర్వాత వచ్చేది బ్రిన్. మొదటి చుట్టులో హెల్మి కాళ్లు ఆమె మాట విన్నాయి. మలుపులో ఎవరో గంట వాయిస్తూ ఆమె పేరు అరిచారు. మంట ఉంది, కానీ అది ఎక్కడో పక్కింట్లో ఏడుస్తున్న బిడ్డలా ఉంది. పెద్ద కొండ ఎక్కి దిగింది. కొండ కింద ఒక ఆయన బోర్డు పైకెత్తి చూపించాడు. తను మూడో చోటులో ఉంది.

ఆ క్షణంలో ఆమెకు దారి దొరికినట్టే అనిపించింది.

రెండో చుట్టులో అదే కొండ మళ్లీ వచ్చింది. సగం దాకా ఎక్కాక, అడుగు వేయమని ఒంటికి చెప్పింది. వినపడనట్టు ఊరుకుంది ఒళ్లు. అది అలసట కాదు. అలసట ఆమెకు చిన్ననాటి నుంచీ చుట్టం, దానితో ఎలా బేరమాడాలో తెలుసు. ఇక్కడ బేరమాడటానికి అవతల ఎవరూ లేరు. గల్లా పెట్టె తెరిస్తే అడుగు చెక్క కనిపించినట్టుంది. కళ్ల ముందు మంచు పసుపు పచ్చగా మారింది. ఎడమ పక్క మంట ఇప్పుడు పక్కింట్లో లేదు, లోపలే ఉంది, గదులన్నీ తనవే అన్నట్టు తిరుగుతోంది.

రెండు వైపులా జనం, తాళ్లు, గంటలు. దారి ఇరుకు. ముందుకు పోలేదు, వెనక్కి తిరగడానికి వీల్లేదు.

వెనక నుంచి బ్రిన్ ఊపిరి వినిపించింది. "దారి!" అని అరిచింది ఆ పిల్ల, అలవాటుగా. ముందున్నది ఎవరో చూశాక ఆమె గొంతు మారింది. "హెల్మక్కా? బాగున్నావా?"

"ఆగకు!" అంది హెల్మి. "ఆగావంటే తంతాను. పో!"

పక్కకు అడుగు వేసింది. చదును చేయని మంచులో స్కీ దిగబడి, మోకాలి దాకా కూరుకుపోయింది. బ్రిన్ దాటిపోయింది. ఆ తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. హెల్మి కర్రల మీద వాలి, వాళ్ల వీపులు చూస్తూ ఉండిపోయింది. ఈ కొండ ఎలాగోలా పాక్కుంటూ ఎక్కినా నాలుగో చోటు రాదని ఆమెకు తెలిసిపోయింది. ఇంకా ఎక్కాలన్న కోరిక మాత్రం ఒంట్లో ఉంది. అది పందెం కోసం కాదు, పెట్టిందంతా పోయిందని ఒప్పుకోకుండా ఉండటం కోసం. దాన్ని గుర్తుపట్టింది. కొట్టు మూయాల్సిన రోజున కూడా కొత్త సరుకు తెప్పించేవాడి ముఖం ఆమె చూసింది ఒకప్పుడు, కర్టిస్ తండ్రిలో.

పోయింది పోయింది. ఉన్నది ఒళ్లు.

ఆర్వో తాడు దాటి, మంచులో పడుతూ లేస్తూ వచ్చాడు. చాలా వారాల తర్వాత మొదటిసారి ఆమెను ఆనుకుని నిలబడ్డాడు.

"కిందికి జారగలవా?"

"లేదు మావయ్యా."

"తిట్టగలవా?"

"అదీ లేదు."

"అయితే నిజంగానే బాగాలేదు." ఆయన వంగి ఆమె స్కీలు ఊడదీశాడు. "నేను వద్దనాల్సింది. కట్టెల గుట్ట దగ్గర నిలబడి తూకం వేసుకుంటూ కూర్చున్నాను. కోచ్‌ననుకున్నాను, మేనమామనని మర్చిపోయాను."

"నువ్వు వద్దన్నా పోటీకి దిగేదాన్ని."

"తెలుసు. అయినా అనాల్సింది."

స్కీలు ఆయన భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ దారి అంచున, ప్రతి అడుగూ మంచులో దింపి పైకి లాగుకుంటూ దిగారు. మైకులో పేర్లు చదువుతున్నారు. నాలుగో పేరు బ్రిన్‌ది. జనం గట్టిగా చప్పట్లు కొట్టారు. హెల్మి కూడా కర్రలు చంకలో ఇరికించుకుని రెండు చప్పట్లు కొట్టింది, చేతి తొడుగుల్లో శబ్దం రాలేదు.

కొండ కింద తాడు అవతల కర్టిస్ ఉన్నాడు. ఆమెను చూడగానే చేతులు చాచి ముందుకు వచ్చాడు. రెండడుగుల దూరంలో ఠక్కున ఆగిపోయాడు. చేతులు ఏం చేయాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

"పొద్దున కొట్లో ఎవరో దగ్గారు," అన్నాడు, నేరం ఒప్పుకుంటున్నట్టు.

"దగ్గనీ."

"నీకంటితే?"

"అంటనీ. ఇంక దేనికి దాచుకోవాలి?" ఆమె కర్రలు మంచులో గుచ్చింది. "నన్ను ఇంటికి తీసుకుపో కర్టిస్. నిలబడలేకపోతున్నాను."

అతను మీదికి వచ్చాడు. ఆమె ఎడమ చేయి అడ్డం పెట్టింది.

"ఇటు కాదు. కుడి పక్క నుంచి పట్టుకో. మెల్లిగా."